ఫారోల రాజ్యంలో తల్లి రాసిన వీలునామా చెల్లేదా?

ప్రశ్న: లాయర్ గారూ, నేను ఎల్‌ఎల్‌బీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాచీన న్యాయ వ్యవస్థల మీద ప్రాజెక్టు రాయమన్నారు, నాకు ఈజిప్టు వచ్చింది. ఫారో మాటే శాసనం అని ఎక్కడ చూసినా ఉంది. మరి ఆ రాజ్యంలో మామూలు ఆడవాళ్లకు సొంత ఆస్తి ఉండేదా? తనను చూడని పిల్లలకు చిల్లిగవ్వ ఇవ్వనని ఒక తల్లి అనగలిగేదా?
– ఒక విద్యార్థిని, రాజమండ్రి

జవాబు: ఉండేదమ్మా. ఇవ్వనని అనగలిగేది కూడా. అలా అన్న తల్లి మాటలు రాతలో దొరికాయి కాబట్టే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

ముందు ఒక సంగతి. హమ్మురాబి శాసనం లాంటి పూర్తి చట్ట గ్రంథం ఫారోల కాలం నాటిది ఈజిప్టులో దొరకలేదు. అప్పటి న్యాయం మనకు తెలిసేది కేసు కాగితాల వల్లే. ఫారో అందరికంటే పైన ఉన్న మాట నిజమే. కానీ ఊళ్లో వాటాల తగాదా వస్తే తేల్చేది కెన్‌బెత్ అనే స్థానిక న్యాయసభ. పెద్ద తగాదాలైతే వజీరు దాకా వెళ్లేవి.

మీ ప్రాజెక్టుకు ప్రాణం లాంటి కేసు నౌనఖ్తె అనే ఆమెది. ఇప్పటి లక్సర్‌కు ఎదురుగా, నైలు పడమటి ఒడ్డున దేర్ ఎల్ మెదీనా ఉంది. రాజుల లోయలో సమాధులు తొలిచిన పనివాళ్ల ఊరు అది. క్రీ.పూ. 1145 ప్రాంతంలో, ఐదో రామ్సెస్ ఏలుబడి మూడో ఏట, ఈ ముసలి తల్లి న్యాయసభ ముందు నిలబడింది. తాను ఫారో దేశంలో స్వతంత్ర స్త్రీనని మొదలుపెట్టింది. ఎనిమిది మంది పిల్లల్ని పెంచానని, వాళ్ల స్థాయికి తగ్గట్టు అన్నీ అమర్చి పెట్టానని, ఇప్పుడు ముసలిదాన్నయితే చూడటం లేదని చెప్పింది. చేయి పట్టుకున్న వాళ్లకే నా ఆస్తి, పట్టుకోని వాళ్లకు లేదు అని తేల్చేసింది.

ఆ తర్వాత పేరు పేరునా చెప్పిన తీరు చూడండి. బాగా చూసుకున్న ఒక కొడుక్కి అందరితో పాటు వాటా ఇచ్చి, దాని మీద ఒక కంచు గిన్నె అదనంగా ఇచ్చింది. ఒక కూతురికి వాటా ఉంది గానీ, మిగతా పిల్లలు తనకు తెచ్చిచ్చిన గోధుమల్లో, కొవ్వులో మాత్రం లేదు. ఎవరు ఏం పెట్టారో ఆ తల్లికి అంత లెక్క గుర్తుంది! వాటా పోయిన పిల్లలకు కూడా తండ్రి ఆస్తిలో హక్కు పోలేదు. దంపతుల ఉమ్మడి ఆస్తిలో ఆమెది మూడో వంతు, మిగతా రెండు వంతులు భర్తవి. ఆ మూడో వంతుతో పాటు తన తండ్రి నుంచి, చనిపోయిన మొదటి భర్త నుంచి వచ్చినవాటి మీదే ఆమె మాట చెల్లింది. ఎంతవరకు తనదో అంతవరకే రాసింది. వీలునామా రాయించుకోవడానికి వచ్చేవాళ్లకు నేను మొదట చెప్పేది కూడా ఇదే.

మన దగ్గర వీలునామా సాధారణంగా మనిషి పోయాక బయటపడుతుంది, అప్పుడు మొదలవుతాయి గొడవలు. నౌనఖ్తె బతికుండగానే, సాక్షుల ముందు చెప్పింది. ఏడాది తర్వాత భర్త పిల్లలను వెంటబెట్టుకుని మళ్లీ సభకు వచ్చి, ఆమె రాయించింది రాయించినట్టే ఉండాలన్నాడు. మాట తప్పి మళ్లీ తగాదా పెడితే వంద దెబ్బలు, ఆస్తి పోవడం అని ప్రమాణం కూడా నమోదైంది. నా దృష్టిలో ఇది చాలా గట్టి పని. ఆమె మాటలు రాసిన పాపిరస్ (అప్పటి రెల్లు కాగితం) ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది.

మోసె అనే ఆయన కేసు కూడా చూడండి. అహ్మోస్ రాజు ఆయన పూర్వీకుడికి ఇచ్చిన భూమి మీద తగాదా రెండో రామ్సెస్ కాలందాకా సాగింది. అందులో వారసులందరి తరఫున భూమిని చూసే బాధ్యతను న్యాయసభ వెర్నెరో అనే ఆడమనిషికి అప్పగించింది. మోసె తల్లి నుబ్నోఫ్రెత్ తానే వెళ్లి కేసు వేసింది, అవతలివాళ్లు దొంగ రికార్డు పెట్టడంతో ఓడిపోయింది. మోసె ఆ కథంతా సక్కారాలోని తన సమాధి గోడ మీద చెక్కించాడు. దొంగ రికార్డులకు అప్పుడూ కొదవ లేదన్నమాట.

గ్రీకులు ఏలుబడికి వచ్చాక తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. గ్రీకు పద్ధతిలో దస్తావేజు రాసే స్త్రీకి పక్కన మగ సంరక్షకుడు ఉండాలి. ఈజిప్టు పద్ధతిలో రాసే స్త్రీకి అక్కర్లేదు. మన సంగతికొస్తే, హిందూ స్త్రీకి తన ఆస్తి మీద సంపూర్ణ హక్కు హిందూ వారసత్వ చట్టం 1956లోని సెక్షన్ 14తో వచ్చింది, వీలునామా రాసే హక్కు సెక్షన్ 30లో ఉంది. పోల్చాలనుకుంటే ఈ రెండూ చాలు.

అయితే ఈజిప్టు ఆడవాళ్లంతా సమానులని మాత్రం రాసేయకండి. నౌనఖ్తె స్వతంత్ర స్త్రీ, బానిస కాదు. ఆమె ఊరు చదువుకున్న లేఖకులు, నైపుణ్యం ఉన్న పనివాళ్ల ఊరు కాబట్టి కాగితాలు మిగిలాయి. పొలాల్లో బతికిన రైతు ఆడవాళ్ల వాటా గురించి ఇంత వివరంగా చెప్పే రాతలు లేవు, కాబట్టి వాళ్ల పేరుతో తీర్మానాలు చేయకండి.