టెక్ సందేహాలు: రెండు వారాలకే మూగబోయిన కోడ్లు

ఈసారి వచ్చిన సందేహాల్లో సగానికి పైగా బడుల నుంచే, అవీ క్యూఆర్ కోడ్ల మీదే. మిగతావాటిని వచ్చే వారానికి ఆపి వీటినే తీసుకుంటున్నాను.

దేవరకొండ దగ్గర జడ్పీ హైస్కూల్లో సైన్స్ టీచర్‌ని. పాఠానికో వీడియో చొప్పున 48 క్యూఆర్ కోడ్లు ఒక ఉచిత వెబ్‌సైట్‌లో చేసి, నల్లగొండలో ప్రింట్లు తీయించి, ల్యామినేషన్ చేయించి ల్యాబ్ గోడకు పెట్టాను. రెండు వారాలు బాగానే నడిచాయి. ఇప్పుడు ఏది స్కాన్ చేసినా డబ్బు కట్టమంటోంది. కోడ్‌కు కూడా ఎక్స్‌పైరీ ఉంటుందా సార్?

కోడ్‌కు ఉండదు మేడమ్, మీరు వాడిన వెబ్‌సైట్‌కు ఉంది. క్యూఆర్ కోడ్ అంటే నలుపు తెలుపు గళ్లలో రాసిన రాత, అంతే. దాంట్లో వీడియో ఉండదు, వీడియో అడ్రస్ ఉంటుంది. ఆ సైట్ మీరిచ్చిన అడ్రస్‌ను గళ్లలో పెట్టలేదు. తన అడ్రస్ ఒకటి పెట్టి, స్కాన్ చేసినవాళ్లను అక్కడి నుంచి మీ వీడియోకు మళ్లించింది. దీన్ని డైనమిక్ కోడ్ అంటారు. ట్రయల్ గడువు తీరగానే మళ్లించడం ఆపేసింది. నేరుగా మీ అడ్రసే గళ్లలో ఉంటే అది స్టాటిక్ కోడ్. వీడియో ఉన్నన్నాళ్లూ అది పనిచేస్తుంది, మధ్యలో ఆపడానికి ఎవరూ ఉండరు.

ఈ గోతిలో నేనూ పడ్డాను. మా ఇంటి గృహప్రవేశం కార్డు మీద దారి చూపే కోడ్ వేయించాను. కార్డులు పంచడం పూర్తయ్యేసరికి అది చచ్చింది. ఆ రోజు పొద్దున నుంచి సత్యనారాయణ వ్రతం పీటల మీద కూర్చునే "వాటర్ ట్యాంక్ దాటి ఎడమకు" అని ఫోన్లో దారి చెబుతూనే ఉన్నాను.

ప్రింట్‌కు ఇచ్చే ముందే తేడా కనిపెట్టొచ్చు. ఫోన్ కెమెరా కోడ్ మీద పెట్టగానే చిన్నగా ఒక అడ్రస్ కనిపిస్తుంది. నొక్కకుండా చదవండి. యూట్యూబ్‌దో గూగుల్ డ్రైవ్‌దో అయితే సరే, ఎన్నడూ వినని పొట్టి పేరు ఉంటే వదిలేయండి. ఫోన్‌లో క్రోమ్ బ్రౌజర్ ఉంటే వేరే సైటే అక్కర్లేదు. వీడియో పేజీ తెరిచి షేర్ నొక్కితే క్యూఆర్ కోడ్ అనే ఆప్షన్ ఉంటుంది. అది స్టాటిక్కే.

సైట్‌కు డబ్బు కడితే మీ 48 కోడ్లూ బతుకుతాయి, కట్టినన్నాళ్లు. నా మాట వింటే కొత్త కోడ్లు తీయించి పాతవాటి మీద అంటించండి. ఈసారి ల్యామినేషన్ వద్దు. ట్యూబ్‌లైట్ వెలుగు దాని మీద పడి మెరిస్తే కెమెరాకు గళ్లు కనబడవు. మామూలు కాగితమే మేలు. సైజుకు ఒక మోటు లెక్క ఉంది: ఎంత దూరం నుంచి స్కాన్ చేస్తారో అందులో పదో వంతు. మూడడుగుల దూరానికి 9 సెంటీమీటర్లు. కోడ్ చుట్టూ నాలుగు గళ్లంత తెల్ల అంచు వదలాలి. అందం కోసం పూల బార్డర్‌ను దగ్గరగా గీస్తే కొన్ని ఫోన్లు చదవవు.

డ్రైవ్‌లో ఫైల్ పెట్టేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. మీ ఫోన్‌లో తెరుచుకుంటుంది, ఎందుకంటే ఫైల్ మీది. పిల్లల ఇంట్లో స్కాన్ చేస్తే అనుమతి అడుగుతుంది. లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు అనే సెట్టింగ్ పెట్టి, పక్క టీచర్ ఫోన్‌తో పరీక్షించండి. నోట్స్‌లో తప్పు దొర్లితే ఫైల్ తీసేసి కొత్తది పెట్టకండి, లింక్ మారిపోతుంది. కంప్యూటర్‌లో డ్రైవ్ తెరిచి, ఆ ఫైల్‌కే మేనేజ్ వెర్షన్స్‌లో కొత్త కాపీ ఎక్కిస్తే పాత కోడే నడుస్తుంది. యూట్యూబ్‌లో ఈ సౌకర్యం లేదు.

వనపర్తి జిల్లాలో తెలుగు పండితుణ్ని. మా ఊళ్లో నెట్ సరిగా రాదు. పద్యం, ప్రతిపదార్థం, తాత్పర్యం మొత్తం కోడ్‌లోనే పెట్టేస్తే నెట్ లేకుండా వస్తుందా?

వస్తుంది, కానీ కొలత ఉంది గురువుగారూ. అన్నింటికన్నా పెద్ద కోడ్ అడ్డం 177, నిలువు 177 గళ్లు. అందులో పట్టేది 2,953 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ చాలు. తెలుగు అలా కాదు. మీరు 'శ్రీ' అని రాస్తే మనకు ఒకే అక్షరం. కంప్యూటర్‌కు శ, పొల్లు, ర, గుడి దీర్ఘం అని నాలుగు ముక్కలు. ముక్కకు మూడు బైట్ల చొప్పున మొత్తం 12. ఆ లెక్కన అతి పెద్ద కోడ్‌లో కూడా 246 శ్రీకారాలే పడతాయి. సంయుక్తాక్షరాలు ఎక్కువైతే కోడ్ అంత చిక్కనవుతుంది.

ఆటవెలది లాంటి చిన్న పద్యం ఒక్కటే అయితే ఐదారు సెంటీమీటర్ల కోడ్‌లో హాయిగా ఇముడుతుంది. ప్రతిపదార్థం కూడా కుక్కితే గళ్లు ఇసుక రేణువుల్లా అయిపోతాయి, జిరాక్స్ తీస్తే ఒకదానికొకటి అతుక్కుంటాయి. పద్యానికి ఒకటి, తాత్పర్యానికి ఒకటి చేయండి. ప్రతిపదార్థం నల్లబల్ల మీదే ఉండనివ్వండి, దానికి అదే మంచి చోటు. కొన్ని ఫోన్ల కెమెరా అడ్రస్‌లకే స్పందిస్తుంది, వచనాన్ని చూపదు. ముందు రెండు మూడు రకాల ఫోన్లతో చూసుకోండి.

జడ్చర్ల నుంచి ఒక తండ్రి: మా పాప ఆరో తరగతి పుస్తకంలో కోడ్‌ను డబ్బులు పంపే యాప్‌తో స్కాన్ చేస్తే చెల్లదంటోంది. పుస్తకం నకిలీదా?

కాదన్నా. ఆ యాప్ డబ్బు పంపే కోడ్ కోసం చూస్తోంది, పుస్తకంలో ఉన్నది పాఠం కోడ్. బడి పాఠాల కోసం ప్రభుత్వం నడిపే దీక్ష యాప్ వేసుకుని దాంతో స్కాన్ చేయండి. పేజీ చిరిగినా, సిరా పడినా కోడ్ కింద అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉంటాయి. అవి ఆ యాప్‌లో టైప్ చేసినా పాఠం వస్తుంది.

కల్వకుర్తి దగ్గర బడి లైబ్రరీ చూస్తున్నాను. 2,400 పుస్తకాలు. ప్రతిదానికీ క్యూఆర్ కోడ్ అంటించాలని హెచ్‌ఎం సార్ అంటున్నారు. వెనక అట్ట మీద ఎలాగూ బార్‌కోడ్ ఉంటుంది కదా, అది చాలదా?

చాలదు. 978తో మొదలయ్యే ఆ బార్‌కోడ్ ఐఎస్‌బీఎన్. అది ముద్రణకు గుర్తు, మీ కాపీకి కాదు. ఒకే నిఘంటువు ఐదు కాపీలుంటే ఐదింటికీ అదే నంబర్. ఎవరు ఏది తీసుకెళ్లారో తేలదు. పాత తెలుగు పుస్తకాల మీద అది కూడా ఉండదు.

మీ దగ్గర అంతకంటే మంచిది ఉంది: అక్సెషన్ రిజిస్టర్‌లో, అంటే లైబ్రరీకి వచ్చిన ప్రతి కాపీని వరసగా ఎక్కించే పుస్తకంలో ఉన్న నంబర్. కోడ్‌లో అదొక్కటే పెట్టండి. లింక్ వద్దు, పేరు వద్దు. నాలుగంకెలే కాబట్టి కోడ్ చిన్నగా, గళ్లు పెద్దగా వస్తాయి. క్యూఆర్‌లో కొంత భాగం పోయినా మిగతాదాన్ని బట్టి పూరించుకునే ఏర్పాటు ఉంటుంది. దానికి నాలుగు స్థాయులు, సుమారు 7, 15, 25, 30 శాతం. పిల్లల చేతుల్లో నలిగే పుస్తకం కాబట్టి 30 శాతంది ఎంచుకోండి. మూలల్లోని మూడు పెద్ద చదరాలు మాత్రం చెడకూడదు. కోడ్ ఎక్కడుందో కెమెరా పోల్చుకునేది వాటితోనే.

స్కానర్ కొనేముందు అడగండి, చవకవాటిలో ఎక్కువ గీతల బార్‌కోడ్‌నే చదువుతాయి. క్యూఆర్‌కు టూడీ స్కానర్ కావాలి. యూఎస్‌బీతో కంప్యూటర్‌కు తగిలిస్తే అది కీబోర్డ్ లాగే పనిచేస్తుంది: నంబర్ టైప్ చేసి ఎంటర్ కొడుతుంది. కాబట్టి ఎక్సెల్ షీట్ చాలు. కోహా అనే ఉచిత లైబ్రరీ సాఫ్ట్‌వేర్ బాగుంటుంది గానీ, దాన్ని నడపడానికి సర్వర్ తెలిసిన మనిషి కావాలి. 2,400 పుస్తకాలకు అంత టెన్షన్ అనవసరం.

లేబుల్ వెన్ను మీద వద్దు, గుండ్రంగా వంగితే చదవదు. వెనక అట్ట లోపల అంటించండి. నంబర్ అంకెల్లో కూడా కింద రాయండి, కరెంట్ పోయిన రోజు అదే దిక్కు.

నల్లగొండ నుంచి లెక్కల సార్: పిల్లల దగ్గర ఫోన్లు లేవు, ఉన్నా బడికి తేనివ్వం. క్లాసులో ఈ కోడ్లతో నాకేం పని?

ఫోన్ మీ ఒక్కరి దగ్గరుంటే చాలే పని ఒకటుంది. ప్లిక్కర్స్ అనే యాప్ ఉచితంగా కార్డుల పీడీఎఫ్ ఇస్తుంది. ఒక్కో పిల్లవాడికి ఒక్కో కార్డు, ఒక్కో ఆకారం. నాలుగు అంచుల మీద ఏ, బీ, సీ, డీ సన్నగా ఉంటాయి. ప్రశ్న అడిగాక, తాము అనుకున్న జవాబు పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటారు. మీరు ఫోన్‌ను క్లాసు మీదుగా ఒకసారి తిప్పితే ఎవరు ఏం చెప్పారో తెరపై వచ్చేస్తుంది. ఆకారాలు వేరు కాబట్టి పక్కవాడిది చూసి పట్టుకుంటే జవాబు కలవదు.

చేయెత్తమంటే ఎప్పుడూ ఆ నలుగురే ఎత్తుతారు కదా, ఇందులో చివరి బెంచీ వాడి తప్పు కూడా మీకు తెలుస్తుంది, పక్కవాళ్లకు తెలియదు. మందపాటి కాగితం మీద వేయించి, కార్డు నంబరే రోల్ నంబర్ చేయండి. వేళ్లు నల్ల ఆకారం మీద పడకుండా అంచులు పట్టుకోవడం మొదటి రోజే నేర్పండి.