నిద్ర పెరిగిందని లివర్ మీద నేరం మోపొద్దు

చిరంజీవి రాఘవకు ఆశీస్సులు.

నువ్వు పరీక్షించే మందు లివర్ మీద ఏం చేస్తుందో చూడ్డానికి అనంతపురంలో ఎలుకల మీద పెంటోబార్బిటాల్ నిద్ర ప్రయోగం మొదలుపెడుతున్నావట. ఈ నిద్రమందును లివర్ ఎంజైములే విరగ్గొడతాయి కాబట్టి, అవి పెరిగితే నిద్ర తగ్గుతుంది, వాటికి అడ్డుపడితే నిద్ర పెరుగుతుంది. ఎథిక్స్ కమిటీ అనుమతి రానిదే ఎలుకను ముట్టొద్దు నాయనా.

ఎంజైములు పెంచే గుంపుకు ఫీనోబార్బిటాల్ (ఇదీ మత్తుమందే) ఎలుక బరువు కిలోకు 80 మి.గ్రా., రోజుకొకసారి, 3 రోజులు. ఆఖరి మోతాదు తర్వాత 24 గంటలు ఆగు. తొందరపడితే ఒంట్లో మిగిలిన మత్తు కూడా తోడై, తగ్గాల్సిన నిద్ర పెరుగుతుంది. ఎంజైములను అడ్డుకోడానికి ఎస్‌కెఎఫ్-525ఎ, కిలోకు 50 మి.గ్రా., పెంటోబార్బిటాల్‌కు గంట ముందు. దాంతో జాగ్రత్త: ఒకట్రెండు రోజులు పోతే అదే ఎంజైములను పెంచుతుంది. పెంటోబార్బిటాల్ కిలోకు 30 మి.గ్రా. దాటించకు, ఎంజైములను అడ్డుకున్న గుంపులో ఊపిరి ఆగిపోతుంది.

ఎలుకను వెల్లకిలా వేస్తే తిరగలేని క్షణం నిద్రకు మొదలు. తనంతట తాను బోర్లా తిరిగాక మళ్లీ వెల్లకిలా వెయ్యి. నిమిషంలోపు రెండోసారీ తిరిగితేనే లేచినట్టు లెక్క. నిద్రలో ఒళ్లు చల్లబడితే లివర్ పనీ మందగిస్తుంది. ఏసీ గాలి నేరుగా తగిలే బల్ల వద్దు, ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర నిలిపే ప్యాడ్ పెట్టు. ఆడ ఎలుకలు మగవాటికంటే ఎక్కువసేపు పడుకుంటాయి, రెంటినీ కలపొద్దు.

యానిమల్ హౌస్ సంగతి చాలామంది పట్టించుకోరు. పైన్, దేవదారు పొట్టు పరిస్తే దాని వాసనకే ఎంజైములు పెరుగుతాయి. పురుగుమందూ అంతే: క్లోర్డేన్ కొట్టిన గదిలో ఎలుకల నిద్ర తగ్గిపోవడం 1960ల్లోనే బయటపడింది. మన దగ్గర చవగ్గా దొరుకుతుందని బూజు పట్టిన చెనిక్కాయ చెక్క మేతలో కలిపితే అఫ్లాటాక్సిన్ లివర్‌నే దెబ్బతీస్తుంది. ఇక మందుల ప్రభావం ఏదో, మేత ప్రభావం ఏదో ఎవరు తేల్చగలరు?

నీ మందుతో నిద్ర పెరిగిందే అనుకో. అది లివర్ పనేనని రాసెయ్యకు, మెదడు మీద మత్తూ కావచ్చు. ఇంకో గుంపుకు పెంటోబార్బిటాల్ బదులు బార్బిటాల్ ఇచ్చి చూడు. అది లివర్‌లో దాదాపు మారదు, మూత్రంలోనే పోతుంది. ఆ నిద్రా పెరిగితే ముందు మెదడును అనుమానించు. ఎలుక లేచిన క్షణాన రక్తంలో పెంటోబార్బిటాల్ కూడా కొలువు. అన్ని గుంపుల్లో ఒకే స్థాయి ఉండి, నిద్ర మాత్రం తేడాగా ఉంటే మందు ఒంట్లోంచి పోయే వేగంలోనే తేడా.

ఆ తర్వాతే మైక్రోజోములు, అంటే లివర్ కణాలను నలగ్గొట్టి తీసే, ఈ ఎంజైములుండే పొర ముక్కలు. లివర్‌ను చల్లటి 1.15 శాతం పొటాషియం క్లోరైడ్‌తో పాలిపోయేదాకా కడుగు, మొత్తం పని 4 డిగ్రీల్లోనే కానివ్వు. కార్బన్ మోనాక్సైడ్ పట్టించి, ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూసినప్పుడు 450 నానోమీటర్ల శిఖరం తగ్గి 420 దగ్గర లేచిందంటే ఎంజైము చెడినట్టే. ఆ శాంపిల్ లెక్కలోకి తీసుకోకు.

పెద్దనాయన