నాన్నకి ఓడలు చూపించాలి, ఎలా?

ప్రశ్న: మాది గరివిడి దగ్గర పల్లె. మా నాన్న లారీ డ్రైవర్, మాంగనీసు లోడుతో విశాఖ హార్బర్‌కి ఎన్ని ట్రిప్పులు కొట్టారో లెక్కలేదు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది, వీల్‌చైర్‌లోనే ఉంటున్నారు. "ఓపాలి ఓడలు చూపించరా" అని అడుగుతున్నారు. ఒక్క రోజులో వెళ్లి రావాలంటే ఎక్కడికి తీసుకెళ్లాలి? సబ్‌మెరైన్ ఎక్కించొచ్చా?
– ఓ పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: సబ్‌మెరైన్ సంగతి ముందే చెప్పేస్తాను తమ్ముడూ, కుదరదు. ఆర్కే బీచ్ ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ 91 మీటర్ల పొడవున్నా లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒదగాల్సిందే, పైగా ఎక్కడానికి మెట్లు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి కన్నంలోంచి కాలెత్తి దూరాలి. నలుగురం పట్టి ఎత్తేస్తాం అనుకోకండి. మా అత్తగారిని ఓ చోట కుర్రాళ్లు కుర్చీతో సహా లేపేస్తే "నన్నేటి, బియ్యం బస్తా అనుకున్నార్రా?" అని అడిగి, ఇంటికొచ్చేదాకా మళ్లీ నోరు విప్పలేదు. దాన్ని బయట ఫుట్‌పాత్ మీంచి చూపించండి, రోడ్డుకి అవతల టీయూ-142 విమానం కూడా బయటినుంచే బాగా కనిపిస్తుంది.

మీ నాన్నగారు అడిగింది ఓడలు కదా, వాటికి టికెట్టూ అక్కర్లేదు, మెట్లూ అక్కర్లేదు. పోర్టు లోపలికి పాస్ లేనిదే పంపరు కాబట్టి ఆ ప్రయత్నం మానుకుని ఎండ ముదరకముందే ఆర్కే బీచ్‌కి చేరిపోండి. హార్బర్‌లో చోటు కోసం ఆగిన ఓడలు సముద్రంలో లంగరేసి నిలబడి ఉంటాయి. కుర్చీని ఇసుకలోకి దించొద్దు, ముందు చక్రాలు కూరుకుపోతే లాగడం మీ తరం కాదు. ఫుట్‌పాత్ మీద ర్యాంపు ఉన్నచోట ఎక్కించి దక్షిణం వైపు, అంటే కోస్టల్ బ్యాటరీ వైపు, నెమ్మదిగా వెళ్తే యారాడ కొండ దగ్గరపడుతుంది, అదే డాల్ఫిన్స్ నోస్. హార్బర్‌లోకి వెళ్లే ఓడ ఆ కొండ పక్కనుంచే పోతుంది. 1933లో ఈ పోర్టు తెరిచిన కొత్తలో ఎగుమతయిన ముఖ్యమైన సరుకుల్లో మాంగనీసు ఒకటి అని ఆయనతో అనండి, ఇక కబుర్లు ఆయనే చెబుతారు. ఓ చిన్న బైనాక్యులర్ పట్టుకెళ్లండి.

ఫిషింగ్ హార్బర్ నాకిష్టమే గానీ కుర్చీతో వద్దంటాను. వేలం వేళకి ఐసు నీళ్లు, చేపల జారుడు, అడ్డంగా తాళ్లు, దానికితోడు తోపులాట. బోటు షికారు అసలే వద్దు, ఒడ్డుకీ బోటుకీ మధ్య సందు ఊగుతూనే ఉంటుంది.

సాయంత్రం కైలాసగిరి పెట్టుకోండి. పైదాకా కారు వెళ్తుంది, తీరమంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. రోప్‌వే జోలికి పోవద్దు. ఋషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రత, భద్రత బాగున్న బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చింది, వికలాంగులకి దారి, సదుపాయాలు ఉండాలనేది ఆ గుర్తింపు షరతుల్లో ఉంది, ఓపికుంటే అటూ వెళ్లండి. కానీ అక్కడ ఓడలు చూసే సరదా తక్కువ.

ర్యాంపు ఉందని ఎవరైనా చెబితే సంతోషించి ఊరుకోకండి, వాలు అడగండి. అడుగు ఎత్తుకి కనీసం పన్నెండడుగుల పొడవుండాలి, చాలాచోట్ల నాలుగడుగుల్లో ముగించేస్తారు, అది స్కూటర్ ఎక్కించుకోడానికి కట్టినట్టు ఉంటుంది. అలాంటిది దిగాల్సి వస్తే కుర్చీని వెనక్కి తిప్పి, మీరు కింద ఉండి దించాలి, లేదంటే మనిషి ముందుకి జారిపోతాడు. బాత్రూమ్ కోసం ఇంట్లోనే కుర్చీ వెడల్పు చక్రాల అంచులదాకా టేపుతో కొలిచి రాసుకోండి. ఒక హోటల్‌వాళ్లు ఫోన్‌లో "అన్నీ ఉన్నాయమ్మా" అన్నారు, తీరా వెళ్తే బాత్రూమ్ తలుపు మా కుర్చీకి నాలుగు వేళ్లు తక్కువ.

కారులో ముందు సీటు మేలు. ఎక్కేటప్పుడు బాగున్న కుడివైపు కారుకి ఆనేలా కుర్చీ పెట్టి, బ్రేకులు వేసి, కాళ్ల పలకలు మడిచాకే లేపండి. క్యాబ్ మాట్లాడేటప్పుడు డిక్కీలో గ్యాస్ సిలిండర్ ఉందేమో అడగడం మర్చిపోకండి, ఉంటే కుర్చీ పట్టదు, మా కుర్చీ ఓసారి దారంతా నా ఒళ్లోనే వచ్చింది.