రాత్రిపూట ప్రాణం మీదికొస్తే దగ్గర ఆసుపత్రికా, సరాసరి విశాఖకా?

మీ ప్రశ్న ఇది: "మాది శ్రీకాకుళం జిల్లాలో పల్లెటూరు. ఇంట్లో పెద్దవాళ్ళున్నారు. రాత్రిపూట ఏదైనా అయితే దగ్గరున్న ఆసుపత్రిలో ఆగాలా, టైము పోకుండా సరాసరి విశాఖ తీసుకుపోవాలా?"

దగ్గరికే వెళ్ళండి. అయితే బోర్డు మీద "24 గంటలు" అని రాసి ఉన్న చోటికి కాదు. ఆ జబ్బుకి కావాల్సిన మందు, అది ఎక్కించే మనిషి ఆ రాత్రి నిజంగా ఉన్న చోటికి. నాకిది మా చిన్నాన్న విషయంలో తెలిసొచ్చింది.

మా ఊరు టెక్కలికి 14 కిలోమీటర్లు. నాలుగేళ్ళ కిందట శ్రావణంలో, ఉభాలు, అంటే వరినాట్లు, అయిపోయిన రోజులు. చిన్నాన్న అరుగు మీద చాపేసుకుని పడుకున్నాడు. రాత్రి రెండింటికి కడుపులో మెలిపెడుతోందని లేచాడు. ముందురోజు ఎవరింట్లోనో భోజనం చేశాడు కాబట్టి అదేననుకున్నాం. ఊళ్ళో వైద్యం చేసే ఆయన వచ్చి గ్యాస్ ఇంజెక్షన్ పొడిచి వెళ్ళాడు. మూడు దాటాక మాట ముద్దగా వస్తోంది. పిన్ని దీపం దగ్గరగా పెట్టి చూసి, "ఓలమ్మో, మీ సిన్నాన్న కళ్ళు తెరవనేకపోతన్నాడు, సూడు బావూ" అంది. రెప్పలు సగానికి వాలిపోయి ఉన్నాయి.

పక్కింటి ఆటోలో పడుకోబెట్టుకుని దారిలో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాం. అద్దాల తలుపులు, ఏసీ, కింద మందుల షాపు. అది చూసే ఆగాం, అబద్ధమెందుకు. డాక్టరు లేడు. కాంపౌండరు ఈసీజీ తీసి, సెలైను పెట్టి, అడ్వాన్సు కట్టమన్నాడు. 50 నిమిషాలు గడిచాక డాక్టరుతో ఫోన్లో మాట్లాడి "పక్షవాతంలా ఉంది, విశాఖ తీసుకెళ్ళిపోండి" అన్నాడు. చేతిలో చీటీ కూడా పెట్టలేదు. ఏ మందు ఇచ్చారో, ఎన్నింటికి ఇచ్చారో రాయకుండా మనిషిని ఇంకో చోటికి పంపడం నా దృష్టిలో నేరం.

హైదరాబాదులో ఉన్న మా బావ అప్పటికే ఫోన్ చేసి ఆగకుండా విశాఖ పోనిమ్మని అరుస్తున్నాడు. టెక్కలి నుంచి విశాఖ అంటే దగ్గరదగ్గర నూటయాభై కిలోమీటర్లు. చిన్నాన్నకి అప్పటికే ఉమ్మి మింగుడు పడటం లేదు. ఆటో అబ్బాయే "ముందు టెక్కలి గవర్నమెంటు ఆసుపత్రిలో చూపిద్దారన్నా, ఎదరే కదా" అన్నాడు. ఆ మాటే చిన్నాన్నని బతికించింది.

అక్కడ డ్యూటీలో ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ అడిగిన మొదటి మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "కింద పడుకున్నాడా, మంచం మీదా?" కింద అనగానే సెల్‌ఫోను లైటుతో ఒళ్ళంతా వెతికింది. మోచేతి వెనక రెండు చుక్కలు, దోమకాటంత. కట్లపాము. అది కరిస్తే వాపుండదు, పెద్దగా నొప్పుండదు. నిద్రలో తెలియనే తెలియదు. కడుపునొప్పి, తర్వాత రెప్పలు వాలడం, ఆపైన ఊపిరి అందకపోవడం. పాము విషానికి విరుగుడు 10 సీసాలు అక్కడే సెలైనులో కలిపి ఎక్కించారు. రూపాయి అడగలేదు. ఊపిరి తగ్గుతోందని గొంతులో గొట్టం వేసి, 108లో శ్రీకాకుళంలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి రిమ్స్‌కి పంపారు. ఆ యాభై కిలోమీటర్లూ అంబులెన్సు కుర్రాడు ఆ గొట్టానికి తగిలించిన గాలిబుడ్డి చేత్తో నొక్కుతూనే ఉన్నాడు. నరసన్నపేట దాటాక అతని చేతులు వణకడం చూసి నేనూ నొక్కాను. రిమ్స్‌లో మూడు రోజులు వెంటిలేటరు మీద ఉండి, నాలుగో రోజు కళ్ళు తెరిచాడు.

మా బావ మాట విని విశాఖ పోయుంటే దారిలోనే ఊపిరి ఆగిపోయేది. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు.

అందుకే చెప్తున్నాను, ఏ జబ్బుకి ఏ మందు అన్నది ఇంట్లో ఒక్కరికైనా తెలిసుండాలి. పాముకాటుకి విరుగుడు మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉంటుంది, చాలా పీహెచ్‌సీల్లో కూడా. తాడు బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, మంత్రం వేయించడం వద్దు. మా ఊళ్ళో ఇప్పటికీ మంత్రం వేసేవాళ్ళ దగ్గరికి పరుగెడుతున్నారు. విషం ఎక్కని కాటు తగ్గితే అది మంత్రం ఖాతాలో పడుతుంది. గుండెపోటుకి గడ్డ కరిగించే ఇంజెక్షను ఇప్పుడు ఏరియా ఆసుపత్రుల్లోనూ ఉచితంగా ఇస్తున్నారు. అది పడ్డాక విశాఖ వెళ్ళొచ్చు. మూతి వంకరపోయి చెయ్యి పడిపోతే మాత్రం సీటీ స్కాను రాత్రి తీసే చోటికే వెళ్ళాలి, ఎందుకంటే స్కాను చూడందే మందివ్వరు, అదీ నాలుగున్నర గంటల్లోపే. ఎన్నింటికి మొదలైందో గుర్తుపెట్టుకోండి.

ఉద్దానం వైపు వాళ్ళకి ఇంకొకటి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు చూసినా ఇంటికొక కిడ్నీ రోగి ఉన్నట్టే ఉంటుంది. ఎక్కడికి తీసుకెళ్ళినా లోపలికి అడుగు పెడుతూనే "కిడ్నీ జబ్బుంది" అని చెప్పండి, లేకపోతే నొప్పి అనగానే కిడ్నీలకి పడని ఇంజెక్షను పొడిచేస్తారు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. డయాలసిస్ చేయించుకునేవాళ్ళు పాత రిపోర్టులన్నీ ఒక సంచిలో వేసి తలుపు దగ్గరే తగిలించుకోవాలి. అర్ధరాత్రి బీరువా తాళాలు దొరకవు.

మేం ఆ తర్వాత ఒక ఆదివారం పని పెట్టుకుని తిరిగాం. మా చుట్టుపక్కల ఏ ఆసుపత్రిలో రాత్రి డాక్టరు ఉంటాడు, ఎక్కడ వెంటిలేటరు ఉంది, ఎక్కడ సీటీ తీస్తారు అని మనుషుల్ని అడిగి రాసుకున్నాం. ఆ నంబర్లు వంటింటి గోడ మీద పెయింటుతో రాయించాను. పిన్నికి చదువు రాదు, అందుకని వరసగా ఒకటో నంబరు, రెండో నంబరు ఫోన్లో నొక్కించి నేర్పాను. బయల్దేరుతూనే ఆసుపత్రికి ఫోన్ చేసి "ఫలానా కేసు తెస్తున్నాం, మందు ఉందా" అని అడగమని చెప్పాను. లేదంటే ఆ నిమిషమే దారి మార్చుకోవచ్చు.

చిన్నాన్నకి నులకమంచం కొన్నాం. దోమతెర అంచులు పరుపు కింద దోపుకుని పడుకుంటున్నాడు.

మీ ఊరు పాతపట్నం వైపా, పాలకొండ వైపా, సముద్రం ఒడ్డునా అన్నది మీరు రాయలేదు. మండలం పేరు రాయండి, ఆ వైపు రాత్రి ఎక్కడ ఎవరుంటారో నాకు తెలిసినంత చెప్తాను.