అల్జీరియా మీద పేపర్ రాస్తున్న మేనకోడలికి

అమ్మాయీ,

నీ సెమినార్ పేపర్ చిత్తుప్రతి చదివాను. మొదటి పేజీలోనే "జన సాంద్రత చదరపు కిలోమీటరుకు సుమారు 20" అని పెట్టావు. ఆ వాక్యం అక్కణ్ణుంచి తీసెయ్. లెక్క సరైనదే, కానీ అల్జీరియాలో సగటు మనిషి ఎక్కడా కనపడడు. 2011లో సూడాన్ రెండుగా చీలాక ఆఫ్రికాలో అన్నిటికంటే పెద్ద దేశం అదే, 23.8 లక్షల చదరపు కిలోమీటర్లు. అందులో అయిదింట నాలుగు వంతులకు పైగా సహారా. పదిమందిలో తొమ్మిదిమంది ఉత్తరాన, దాదాపు ఎనిమిదో వంతు నేల మీదే సర్దుకుని ఉన్నారు. మీ గైడు గారికి సగటు కావాల్సిందేనంటే ఏ పట్టికలోనో పడెయ్.

ముందు వర్షపాతం పటం పక్కన జనాభా పటం పెట్టుకుని, సముద్రం నుంచి దక్షిణానికి వేలు జరుపుతూ రా. ఓరాన్, అల్జీర్స్, అన్నాబా ఉన్న తీరం, దాని వెనక టెల్ అట్లాస్ కొండలు, ఆపైన ఎత్తయిన మైదానాలు. సహారా అట్లాస్ దాటాక వానా ఉండదు, ఊళ్లూ ఉండవు. అక్కడక్కడా కనిపించే చుక్కలకు కారణం వెతుకు. బిస్క్రాకు ఒయాసిస్సు, హస్సీ మెసావుద్‌కు 1956లో దొరికిన చమురు. పేపర్లో అసలు పని ఇదే, రెండు పేజీలైనా ఫర్వాలేదు.

జాతుల దగ్గర మాత్రం జాగ్రత్త. "అరబ్-బెర్బర్ 99 శాతం" అని అందరూ ఎత్తి రాసేదే నువ్వూ రాశావు. అందరినీ ఒకే గాటన కట్టేశాక ఇక చెప్పడానికేం మిగిలింది? వాళ్లలో చాలామంది మూలాలు బెర్బర్లవే, అంటే అమాజిగ్‌లవే. 7వ శతాబ్దంలో అరబ్ సైన్యాలు, 11వ శతాబ్దంలో బనూ హిలాల్ తెగలు వచ్చాక మైదానాల్లో అరబ్బీ పాకింది, కొండల్లోనూ ఎడారిలోనూ పాత భాషలు నిలిచాయి. కాబట్టి రక్తాన్ని బట్టి కాదు, భాషను బట్టి విడదీసి రాయి. తిజి ఊజూ, బెజాయా వైపు కబైలీలు, ఔరెస్ కొండల్లో షావియాలు, దక్షిణాన హొగ్గర్ ఎడారి కొండల్లో తువారెగ్‌లు. అమాజిగ్ భాషకు 2002లో జాతీయ భాష హోదా, 2016లో అధికార భాష హోదా దక్కాయి.

అమాజిగ్‌లలోనే మరో వర్గమైన మొజాబీలకు ఒక పేరా విడిగా ఇవ్వు. ఘర్దాయా చుట్టూ మ్జాబ్ లోయలో గుట్టల మీద అయిదు కోట ఊళ్లు, ప్రతి ఊరికీ శిఖరాన మసీదు మినారు, దాని చుట్టూ కిందికి దిగే ఇళ్ల వరసలు, లోయలో ఖర్జూర తోటలు. చుట్టుపక్కలంతా సున్నీలైతే వీళ్లు ఇబాదీలు, అంటే సున్నీ, షియా రెండూ కాని ఇస్లాం శాఖవాళ్లు. ఉత్తరాది నగరాల్లో వ్యాపారాలు చేసేవాళ్లూ వీళ్లలో ఎక్కువే.

మరో సంగతి, అల్జీర్స్‌కు పటంలో ఒకే రంగు పులమకు. బతుకుతెరువు కోసం దిగివచ్చిన కబైలీలు అక్కడ లక్షల్లో ఉన్నారు. ఇక ఫ్రెంచి పాలనలో స్థిరపడ్డ యూరోపియన్లది ఒక్క వాక్యం చాలు: పది లక్షల దాకా ఉండేవాళ్లు, 1962 స్వాతంత్ర్యంతో చాలావరకు వెళ్లిపోయారు. జనగణన జాతులవారీ లెక్కలు ఇవ్వదు కనుక అమాజిగ్‌ల శాతం ఎక్కడ రాసినా పక్కన "అంచనా" అని తప్పకుండా చేర్చు. వైవాలో మొదట పట్టుకునేది దాన్నే.

పటాలు స్కాన్ చేసి పంపు. ఫోన్లో తీసిన ఫోటోల్లో అక్షరాలు నాకు ఆనడం లేదు.

మీ మావయ్య