నాలుగో గీత దగ్గర ఆగు

చిట్టితల్లికి మావయ్య ఆశీస్సులు.

జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టి, పిల్లల మనసుకు అది ఎంత భారంగా అనిపించిందో కొలవబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో నా దారి పట్టింది నువ్వొక్కదానివే. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వస్తుంటాయి. రెండు అక్షరాల ముందు చూసిందే మళ్లీ వస్తే మీట నొక్కాలి. అంతే కదా? ప, వ, ష కలిపి పెట్టకు. కన్ను పొరబడితే అది జ్ఞాపకం తప్పు కాదు. ముందు కాసేపు అలవాటు చేయించు. ఒక్కో పరీక్ష అయిన వెంటనే పత్రం నింపించు, సాయంత్రానికి వాయిదా వేయకు. సిరిమాను వారంలో అసలు పెట్టుకోకు. విజయనగరంలో ఎవరి మనసూ నీ అక్షరాల మీద ఉండదు.

ఇక నాసా టీఎల్‌ఎక్స్ పత్రం. చేసిన పని ఎంత భారంగా అనిపించిందో చేసినవాళ్లనే అడిగే కొలత, హార్ట్, స్టేవ్‌లాండ్ అనే పరిశోధకులు 1988లో ప్రచురించారు. మానసిక శ్రమ, శారీరక శ్రమ, సమయం ఒత్తిడి, పనితీరు, ప్రయాస, విసుగు అని ఆరు గీతలు. ఐదింటికి ఎడమ చివర తక్కువ, కుడి చివర ఎక్కువ. పనితీరుకు మాత్రం ఎడమ చివర బాగా చేసినట్టు, కుడి చివర విఫలమైనట్టు.

నేను దాన్ని తెలుగులోకి మార్చి, ఏమీ వివరించకుండా పంచేశాను. మన పిల్లలకు ఎక్కువంటే మంచి మార్కులే. ఒకమ్మాయి పనితీరు గీత మీద కుడి చివర గుర్తు పెట్టింది. మొత్తం లెక్క కట్టి, "నీకు ఈ పని చాలా భారమైందమ్మా" అన్నాను. ఆ పిల్ల పెన్ను మూత తీస్తూ పెడుతూ నిలబడిపోయింది. చాలాసేపటికి, "అన్నీ సరిగ్గానే నొక్కాను కదా సార్, అందుకే చివర పెట్టాను" అంది. జవాబులు తీసి చూస్తే ఒక్క తప్పు లేదు. అప్పటిదాకా తన బుర్రే మందమనుకుంది పాపం. ఆ ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

అంకెలు తిరగేస్తే సరిపోతుందనుకున్నాను. కుదరలేదు. కొందరు చివర్ల మాటలు చదివి గుర్తు పెట్టారు, కొందరు చదవలేదు. ఎవరు ఎవరో తెలిసే దారి లేదు. ఆ గీత మొత్తం కొట్టేశాను. నెలల శ్రమ.

అందుకే, తిడుతున్నాననుకోకు, నాలుగోదైన పనితీరు గీత దగ్గర ప్రతి ఒక్కరినీ ఆపి, ఏ చివర ఏమిటో వాళ్ల నోటితోనే చెప్పించు. తొందరపడితే ఊరుకోను. ఆరింటినీ రెండేసి చొప్పున 15 జతలుగా పోల్చించి, ఏది ఎక్కువ ముఖ్యమో దాన్నిబట్టి బరువులు ఇస్తావా, ఉత్త సగటు తీస్తావా అన్నది ముందే రాసి పెట్టుకో. ఎవరికీ వాళ్ల అంకె ముఖం మీద చెప్పకు. నువ్వూ వేళకు అన్నం తిను తల్లీ, పరిశోధన పేరుతో మాడకు.

ఆదివారం శ్రీకాకుళం వచ్చేయి. మొదటి పత్రం నాకే ఇవ్వు. నేను ఏ మాట దగ్గర తడబడతానో చూసి, ఆ మాట మార్చు.

మీ మావయ్య