ట్రైపాడ్ కొనబోతున్న హారికకు

చి. హారికకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు ట్రైపాడ్‌ల ఫొటోలూ చూశాను. ఒక్కో కాలికి ఐదు సెక్షన్లు (ఒకదాంట్లోకి ఒకటి దూరే గొట్టాలు) ఉన్నదాన్ని పక్కన పెట్టేయ్. మడిస్తే హ్యాండ్‌బ్యాగులో పట్టేస్తుందని ముచ్చటపడతాం గానీ, సెక్షన్లు పెరిగేకొద్దీ ఆఖరి గొట్టం సన్నబడిపోతుంది. వణుకంతా అక్కడే పుడుతుంది. నాలుగు సెక్షన్లది చాలు.

కార్బన్ ఫైబర్ కొనమని షాపువాళ్లు ఒత్తిడి చేస్తారు. ఉదయగిరి దుర్గం మెట్లెక్కేటప్పుడు ఆ కాస్త బరువు తగ్గడం హాయే, కాదనను. కానీ ధర బాగా ఎక్కువ. నీ బడ్జెట్‌కి అల్యూమినియంది తీసుకుని, మిగిలిన డబ్బు మంచి బాల్ హెడ్ (కెమెరాను బిగించి ఎటైనా తిప్పుకునే పైభాగం) మీద పెట్టు. పెట్టె మీద ఎనిమిది కిలోలు మోస్తుందని రాసి ఉంటే నమ్మి మోసపోకు. అంత బరువుకు విరగదని తప్ప, కదలదని కాదు. షాపులోనే నీ బరువైన లెన్స్ బిగించి, లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) పది రెట్లు జూమ్ చేసి, కెమెరాను వేలితో తట్టు. బొమ్మ ఎంత త్వరగా నిలకడకొస్తుందో చూడు. నాబ్ బిగించి చెయ్యి తీశాక ఫ్రేమ్ కిందికి జారితే ఆ హెడ్ వద్దు.

తేలిక ట్రైపాడ్ పెట్టేటప్పుడు లావుపాటి పై సెక్షన్లు ముందు తియ్యి, సన్నవి అవసరమైతేనే. మధ్య కడ్డీ పైకి లేపాలనిపిస్తే ఆగి, నువ్వే వంగు. దాని కింద కొక్కేనికి బ్యాగ్ తగిలించు, కానీ గాలికి ఊగకుండా అడుగు నేలకు ఆననివ్వు. షట్టర్‌కి రెండు సెకన్ల టైమర్ పెట్టు. స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే సదుపాయం) ఆపెయ్.

మైపాడు బీచ్‌లో మాత్రం దీనికి తలకిందులు. అక్కడ ముందు అట్టడుగు సెక్షనే లాగాలి, దాని లాకు (గొట్టాన్ని బిగించే పట్టు) ఇసుకకూ నీళ్లకూ పైన ఉండేలా. లాకులో ఇసుక పడితే తిప్పినప్పుడల్లా కరకరలాడుతుంది. కాళ్లు ఇసుకలోకి గట్టిగా దిగనొక్కు, లేకపోతే అల వెనక్కి పోతూ కింది ఇసుకను లాగేస్తుంది, ఫ్రేమ్ ఒరిగిపోతుంది. ఇంటికి రాగానే, స్నానానికి ముందే, కాళ్లు మంచినీళ్లతో కడిగి, పూర్తిగా చాపి ఆరబెట్టు. మన సముద్రపు ఉప్పు స్క్రూలను తినేస్తుంది.

నేలపట్టు గూడబాతుల కోసమైతే దీని మీద పెద్ద ఆశలు పెట్టుకోకు. (ఆ ఊరిని 2022లో తిరుపతి జిల్లాలో కలిపారు. నా నోటికి మాత్రం ఇంకా నెల్లూరనే వస్తుంది.) ఎగిరే పక్షి వెంట పెద్ద లెన్స్ తిప్పడానికి ఈ చిన్న హెడ్ పనికిరాదు. అక్కడ మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) నయం. కొన్ని ట్రావెల్ ట్రైపాడ్‌లకు ఒక కాలు ఊడదీసి మోనోపాడ్‌గా వాడుకునే వీలుంటుంది, కొనేటప్పుడు అడుగు.

ఇది నిజంగా అక్కరకొచ్చేది శ్రీహరికోట నుంచి రాత్రిపూట రాకెట్ ఎగిరినప్పుడు. మబ్బు లేకపోతే మన మేడ మీద నుంచే వెలుగు కనిపిస్తుంది. పిట్టగోడ చాటున గాలి తగలనిచోట ట్రైపాడ్ పొట్టిగా పెట్టు. దూరపు లైటు మీద ఫోకస్ చేసి మాన్యువల్‌కి మార్చు. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100, ఎపర్చర్ (లెన్స్ రంధ్రం కొలత) 8, బల్బ్ మోడ్ (మనం మూసేదాకా షట్టర్ తెరిచే ఉంటుంది). రిమోట్‌తో షట్టర్ తెరిచి, వెలుగు కనుమరుగయ్యేదాకా రెండు మూడు నిమిషాలు అలాగే ఉంచు. అంతసేపూ పిల్లల్ని మేడ మీద గెంతనివ్వకు, స్లాబ్ అదురుతుంది.

ట్రైపాడ్‌తో వచ్చే చిన్న ఎలెన్ కీని పెట్టెలోనే వదిలేయకు. కాళ్ల కీళ్లు వదులైతే బిగించడానికి అదే కావాలి. కెమెరా బ్యాగ్ జిప్ అరలో వేసుకో. బిల్లు ఫొటో నాకూ పంపు, వారంటీ ఎన్నాళ్లో చూస్తాను.

ఇట్లు,
పెదనాన్న
నెల్లూరు